రెండు తగ్గించి

జూన్ 4

మొదటి అడుగు: ఐదు.

పొద్దున్నే మంచం దిగి కాలు నేల మీద పెట్టగానే మడమ ఎంత నొప్పి పుట్టిందో, పదికి ఎన్నో వేసి రోజూ రాసుకు రమ్మంది డాక్టరమ్మ. దానికోసం ఒక అట్ట కూడా ఇచ్చింది, రోజుకో గడి. ఆ గడిలో అంకె తప్ప ఇంకేమీ పట్టదు. మిగిలింది రాసుకోవడానికి ఈ పుస్తకం తీశాను. ఎవరికీ చూపించేది కాదు కాబట్టి ఇందులో గొప్పలు పోనక్కర్లేదు.

ఈ డాక్టరమ్మ నాకు కొత్త కాదు. తొమ్మిదేళ్ళ కిందట చదువు ముగించుకుని మా ఇంజెక్షన్ రూముకి వచ్చినప్పుడు సిరంజి పట్టుకుంటే చెయ్యి వణికేది. సూది కనిపించకుండా పట్టుకో, చీమ కుట్టినట్టుంటుందని చెప్పు, వాళ్ళు నమ్మేలోపు పొడిచెయ్ అని నేర్పింది నేనే. ఇవాళ ఆ పిల్లే నా పాదం ఒళ్ళో పెట్టుకుని, సరిగ్గా నొప్పి ఉన్నచోట బొటనవేలితో నొక్కింది. చుక్కలు కనిపించాయి. ఎంత అని అడిగితే ఐదు అన్నాను.

మడమ నుంచి వేళ్ళ దాకా అరికాలి కింద ఒక పట్టీ ఉంటుంది. ఏళ్ళ తరబడి నిలబడి అది దెబ్బతిందట. ఆ సంగతి నాకు తెలియదా. నాలుగు నెలలుగా నా వైద్యం నేనే చేసుకుంటున్నాను. ఐసు సీసా మీద పాదం దొర్లించడం, మాత్రలు, గోడకి చేతులానించి పిక్కలు సాగదీయడం, మూడూ చేశానని చెప్పాను. మొదటి రెండూ నిజం. అయితే వచ్చే వారం మడమకి ఇంజెక్షన్ ఇస్తానంది. ఇరవయ్యారేళ్ళు జనాన్ని పొడిచాను, ఒకటి పొడిపించుకోలేనా.

జూన్ 5

ఐదు.

జూన్ 6

ఐదు. గోడ పట్టుకుని బాత్రూము దాకా వెళ్ళాను. అయినా ఐదే.

జూన్ 9

ఐదు.

మా అమ్మాయి పిచ్చుక మెత్తటి చెప్పులు కొనుక్కొచ్చింది. ఇరవై నాలుగేళ్ళొచ్చి, కళ్ళజోళ్ళ షాపు ఒంటిచేత్తో నడుపుతున్నా, వాళ్ళ నాన్న పెట్టిన పిచ్చుక అన్న పేరు దానికి పోలేదు. వాటిని వేసుకుంటే నడక పాడవుతుందని చెప్పి పెట్టెలోనే ఉంచేశాను. నువ్వు నర్సువా, మొండి పేషెంటువా అంది. రెండూ అన్నాను.

మేట్రన్ గారు కూడా పిలిచి, స్టోర్‌లో కుర్చీ ఉద్యోగం ఖాళీగా ఉంది, ఓ ఆరు నెలలు అక్కడ కూర్చోరాదా అన్నారు. వద్దన్నాను. ఇంజెక్షన్ రూములో ఎనిమిది గంటలు నిలబడితే ఎనిమిది గంటలూ ఎవరో ఒకరి చెయ్యి దొరుకుతుంది. స్టోర్‌లో కూర్చుంటే దూది కట్టలూ నేనూ ఎదురుబొదురుగా ఉండాలి. నాకు ఆలోచించే తీరిక వద్దు.

జూన్ 12

ఇంజెక్షన్ అయింది.

మడమ లోపలి వైపు నుంచి పెట్టింది, తెర మీద సూది ఎక్కడికి పోతోందో చూసుకుంటూ. మత్తుమందు కలిపానంది. మత్తు ఎక్కేలోపు ఐదారు క్షణాలు ఉంటాయి, వాటి గురించి మేము ఎవరికీ చెప్పం. చీమ కాదు. ఏ చీమా అలా కుట్టదు. ఇన్నేళ్ళలో నా నోట ఆ మాట విన్నవాళ్ళందరూ ఇవాళ ఆ గదిలో వరసగా నిలబడి నా మొహం చూసి ఉండాల్సింది. వాళ్ళ బాకీ తీరిపోయేది.

ఎంత అని అడిగింది. ఆరు అన్నాను. కాగితం మీద ఎనిమిది వేసింది. చెవులు పనిచేస్తున్నాయా తల్లీ, ఆరన్నాను అని గుర్తు చేశాను.

"విన్నాను సిస్టర్. నర్సులు చెప్పిన అంకెకి నేను రెండు కలుపుకుంటాను. మీరు మీకూ తగ్గించుకుంటారు, పేషెంట్లకీ తగ్గించి రాస్తారు. డాక్టర్లమందరం కలుపుకుంటాం. మీకు తెలీదా?"

తెలియదు. తగ్గించడం మాత్రం తెలుసు. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే పెద్ద సిస్టర్ నేర్పింది. పేషెంటు ఎనిమిదంటే ఆరు రాసుకో, భయానికి ఒకటి తీసెయ్, చుట్టాలు చూస్తున్నారని ఒకటి తీసెయ్, మిగిలిందే అసలు నొప్పి అని. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నాను, నా దగ్గర ముప్పైమంది పిల్లలు నేర్చుకున్నారు. ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. మా డ్యూటీ రూములో టీ కలపడం ఎలా నేర్చుకుంటారో ఇదీ అలాగే నేర్చుకుంటారు.

ఇంటికొచ్చాను. పిచ్చుక ఏమేమో అడిగింది, ఏం చెప్పానో గుర్తులేదు.

అందరూ కలుపుకుంటారట.

జూన్ 13

ఇంజెక్షన్ పెట్టిన చోట సలుపుతోంది. రెండ్రోజులు అలాగే ఉంటుందని నేనే వెయ్యిమందికి చెప్పి ఉంటాను.

అందరూ అంటే అందరూనా.

జూన్ 15

సెలవు. పిచ్చుక షాపుకెళ్ళింది, ఆదివారం పూట జనం ఎక్కువ.

పిచ్చుక వాళ్ళ నాన్న ఎంత గోల మనిషో ఒకసారి రాసుకోవాలి. లేకపోతే నేను చేసింది నాకే అర్థం కాదు.

ముల్లు గుచ్చుకుంటే ఇల్లు పీకి పందిరేసేవాడు. జలుబు చేస్తే, నేను పోయాక షాపు ఎవరు చూస్తారోయ్ అనేవాడు. పన్ను పీకించుకున్న రోజు బుగ్గకి తువ్వాలు కట్టుకుని, కళ్ళజోడు కోసం వచ్చినవాళ్ళందరికీ పొట్లం విప్పి పన్ను చూపించాడు. ఆయన షాపులో లెక్క వేరు. అద్దం మార్చి మార్చి ఇది బాగుందా, అది బాగుందా అని అడిగి, ఎదుటివాళ్ళు ఏదంటే అదే రాసుకునేవాడు. వాళ్ళ కళ్ళు వాళ్ళవి, మధ్యలో నాకేం తెలుసు అనేవాడు. అలాంటి మనిషి నడుము నొప్పంటే నేను చెవిన వేసుకోలేదు. రెండు నెలలు బామ్ రాశాను. తీరా ఫోటోలు తీయిస్తే వెన్నుపూసల్లో క్యాన్సర్ ఉంది, ఇంకెక్కడో పుట్టి అక్కడికి చేరింది.

చేసేదేమీ లేదని ఇంటికి పంపించారు. నొప్పి తెలియకుండా చూసుకోవడానికి ఇంటికొచ్చే డాక్టరు ఒకాయన్ని పెట్టారు. మంచివాడు, పెద్దాయన. నొప్పి మందు సిరప్ ఇచ్చి, రోజూ ఒక కాగితం మీద అంకె వేయమన్నాడు. సాయంత్రం ఫోన్ చేసి అడుగుతాను, ఏడు దాటితే మందు పెంచుదాం అన్నాడు.

ఆయన పోయేదాకా పదహారు రోజులు. నేను పొద్దున అడిగేదాన్ని. ఆయన ఎనిమిది అనేవాడు. నేను ఆరు వేసేదాన్ని. సాయంత్రం ఫోన్ వచ్చేది, ఆరు అని చెప్పేదాన్ని, సరే సిస్టర్, అదే మోతాదు కొనసాగించండి అనేవాడు డాక్టరు.

అబద్ధం రాస్తున్నానని నాకు ఒక్కరోజు కూడా అనిపించలేదు. భయానికి ఒకటి, పిచ్చుకా నేనూ చూస్తున్నామని ఒకటి.

కానీ డాక్టర్లందరూ కలుపుకుంటారు. అంటే ఆ పెద్ద డాక్టరూ కలుపుకునే ఉంటాడు. నేను ఆరంటే ఎనిమిది అనుకుని, ఎనిమిదికి సరిపడేటట్టే మొదటి రోజు మోతాదు కట్టి ఉంటాడు, అందుకే పెంచాల్సిన అవసరం రాలేదు. ఎవరికెంత మోతాదు సరిపోతుందో మనిషి మనిషికీ మారుతుంది, పైకి చూసి చెప్పలేం. ఆయన్ని అడిగితే ఒక్క ముక్కలో తేలిపోతుంది.

అడగాలి.

జూన్ 27

రెండు.

తగ్గించి కాదు. నిజంగానే రెండు. ఇన్నాళ్ళకి నేల నేలలాగా ఉంది. ఆసుపత్రిలో మా పిల్లలు, అక్కకి కొత్త కాలు పెట్టారు అని ఆట పట్టించారు. మధ్యాహ్నం ఏ పనీ లేకపోయినా కారిడార్ ఈ చివర నుంచి ఆ చివరకి రెండుసార్లు నడిచాను.

అయితే ఒకటి. నొప్పి ఉన్నన్నాళ్ళూ పొద్దున లేవగానే మనసంతా మడమ మీదే ఉండేది. అడుగు ఎక్కడ వెయ్యాలి, ఏది పట్టుకోవాలి అనే. ఇప్పుడు కళ్ళు తెరవగానే ముందు పక్కన ఆయన మంచం కనిపిస్తోంది. దుప్పటి మడత నలగలేదు. పది నెలల నుంచీ నలగలేదు, ఇవాళే చూసినట్టుంది. చాలాసేపు ఏడ్చాను.

ఇంటికొచ్చే డాక్టరుగారి గది పాత బిల్డింగులో మూడో అంతస్తులో ఉంటుంది. అక్కడ లిఫ్టు లేదు. కాలు బాగయ్యాక వెళ్దామనుకున్నాను. బాగైంది కదా, సోమవారం వెళ్తాను.

జూన్ 30

రెండు. డ్యూటీలో ఇద్దరు రాలేదు, కుదర్లేదు.

జూలై 3

రెండు. వాన.

జూలై 8

రెండు. ఆయన సెలవులో ఉన్నాడేమో. ఈ నెలలో డాక్టర్లు సెలవులు పెడతారు.

జూలై 10

ఒకటి. ఒకటి అని రాయడానికి సిగ్గేస్తోంది.

జూలై 21

అట్ట మీద మూడు. ఇక్కడ ఐదు. నిజానికి ఏడు.

మళ్ళీ మొదలైంది. డాక్టరమ్మ కోప్పడింది. మెత్తటి చెప్పులు వేసుకుంటున్నారా, వేసుకుంటున్నాను. పిక్కలు సాగదీస్తున్నారా, రోజుకి మూడుసార్లు. ఒట్టికాళ్ళతో నడవడం మానేశారా, ఎప్పుడో. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని అన్నీ చెప్పాను. నా మాటకి కూడా ఏదో కలుపుకుందో తీసేసిందో, పాదం వంక చూసి సిరంజి అందుకుంది.

రెండో ఇంజెక్షన్ ఇచ్చింది. ఈ మందు ఇంక ఇవ్వనంది. ఎక్కువసార్లు ఇస్తే మడమ కింద ఉండే కొవ్వు పల్చబడుతుంది, పట్టీ తెగినా తెగుతుంది. మూడోసారి వస్తే నా రక్తమే తీసి నాకు ఎక్కిస్తుందట.

ఇప్పుడు మెట్లెక్కలేను. పాత బిల్డింగు సంగతి తర్వాత చూద్దాం.

ఎందుకో ప్రాణం తేలిగ్గా ఉంది.

ఆగస్టు 3

మూడు.

అన్నాల దగ్గర పిచ్చుక ఉన్నట్టుండి అడిగింది. "అమ్మా, నాన్న నీతో ఎంతని చెప్పేవాడు?"

దేని గురించి అన్నాను, తెలిసే. నొప్పి అంది. గుర్తులేదన్నాను. ఇంకేదో అనబోయి ఆగిపోయింది. కంచం తీసి కడిగేసి వెళ్ళిపోయింది.

నన్ను నిలదీస్తోంది. పైకి అనడం లేదు గానీ దానికేదో అనుమానం ఉంది. ఆ కాగితాలు బీరువాలో ఉన్నాయి, చూసిందేమో. చూసినా అన్నిట్లోనూ ఆరే ఉంటుంది, దానికేం తెలుస్తుంది.

బీరువా తాళం చెవి చోటు మార్చాను.

ఆగస్టు 4

మూడు. దానితో మామూలుగానే మాట్లాడాను.

ఆగస్టు 14

సంవత్సరం.

పిచ్చుక షాపు తెరవలేదు. నేను డ్యూటీకి వెళ్ళలేదు. ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆగస్టు 28

మూడో ఇంజెక్షన్. కాలు మళ్ళీ మొదటికి రావడానికి ఐదు వారాలు పట్టింది, అంతే.

చేతి నుంచి రక్తం తీసి యంత్రంలో గిరగిరా తిప్పారు. ఎర్రదంతా అడుగుకి పోయి పైన లేత పసుపు నీళ్ళు మిగిలాయి. మన ఒంటిని మనమే బాగుచేసుకునే సరుకు అందులోనే ఉంటుందట. అదే సిరంజిలోకి ఎక్కించి మడమలో పెట్టింది. ఈసారి నొప్పి ఎక్కువ ఉంటుంది, రెండు వారాలు నొప్పి మాత్ర వేసుకోకూడదు, వేసుకుంటే ఇది పనిచెయ్యదు అని ముందే చెప్పింది.

పెట్టేముందు ఎంత ఉందని అడిగింది. ఐదు అన్నాను. అయితే ఏడు అని నవ్వి రాసుకుంది. సరే, అడిగేద్దామని నోరు తెరిచాను. నిజంగానే డాక్టర్లందరూ కలుపుకుంటారా అన్నాను. తనకి తెలిసినంతవరకు అంతే అంది. ఎందుకు అడుగుతున్నారు అంది. ఊరికే అన్నాను.

రెండు వారాలు సెలవు పెట్టించింది. ఇంట్లో కూర్చోవాలి.

ఆగస్టు 31

పొద్దున బాత్రూముకి వెళ్దామని లేచాను. కాలు పెట్టాను. కూలబడ్డాను. కేక బయటికి రాకుండా దుప్పటి నోట్లో కుక్కుకున్నాను. పిచ్చుక పక్కగదిలో ఉంది.

కాసేపటికి ఎవరూ లేకపోయినా అడుగుకున్నాను, ఎంత అని. ఎనిమిది అన్నాను, పైకే.

భయపడి కాదు. చుట్టాలెవరూ చూడ్డం లేదు. తీసెయ్యడానికి అందులో ఏమీ లేదు. ఎనిమిదంటే ఎనిమిదే.

నాకిది మడమలో ఒక రూపాయి బిళ్ళంత చోట. కాలు పైకెత్తి పెడితే ఆరుకో ఐదుకో దిగుతుంది. ఆయనకి వీపంతా. పైకెత్తి పెట్టుకోవడానికి వీల్లేని చోట. ఆయన ఎనిమిది అంటుంటే నేను పక్కన నిలబడి, తలగడ సర్దుతూ, ఊఁ ఊఁ అంటూ ఆరు వేశాను. ఒకరోజు కాదు.

పదమూడో రోజు సంగతి ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు. ఆ రోజు అంకె వేసి కాగితం మంచం మీద వదిలేసి మందు తేవడానికి వెళ్ళాను. వచ్చేసరికి ఆయన కాగితం చూస్తున్నాడు. మర్నాడు ఎంత అని అడిగితే గోడవైపు తిరిగి అన్నాడు:

"నీకెంత కావాలో రాసుకోవోయ్."

అలిగాడనుకున్నాను. గోల మనిషి కదా, అలకా ఎక్కువే అనుకున్నాను. ఆరు వేశాను.

సెప్టెంబరు 2

ఏడు.

పిక్కలు సాగదీసే పని నేను ఎందుకు చెయ్యలేదో నాకు తెలుసు. ఆ చెప్పులు పెట్టెలో ఎందుకున్నాయో కూడా తెలుసు. ఆయన పడ్డదాంట్లో కొంచెం నేనూ పడితే సరిపోతుందనుకున్నాను. ఏం సరిపోతుంది. నేను కుంటితే ఆయన నొప్పి ఒక చుక్కైనా తగ్గుతుందా, ఏడాది వెనక్కి వెళ్ళి?

సెప్టెంబరు 9

వెళ్ళాను.

పిచ్చుక షాపుకి వెళ్ళాక బయల్దేరాను. మూడు అంతస్తులు, ప్రతి మలుపులోనూ ఆగి, కర్ర గోడకి ఆనించి, ఊపిరి పీల్చుకుని. నన్ను చూసి డాక్టరుగారు లేచి నిలబడ్డాడు. బాగా గుర్తుపట్టాడు. కాలికేమైంది అని అడిగి కుర్చీ జరిపాడు. నేను కూర్చోకుండా అడిగేశాను, కూర్చుంటే నోరు పెగలదని. నేను ఫోన్లో చెప్పిన అంకెకి మీరు రెండు కలుపుకునేవారా అని.

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. అప్పుడు నవ్వాడు. ఎంత మంచి నవ్వో.

"ఇంట్లోవాళ్ళు చెప్పే అంకెలు నేను నమ్మనమ్మా. కొందరు పెంచుతారు, కొందరు దాస్తారు. అందుకే రోజు విడిచి రోజు నేనే వెళ్ళి మనిషిని చూసుకుంటాను. మీ ఇంటికి రెండుసార్లే వచ్చాను, అక్కడ మీరున్నారని. ఇన్నేళ్ళ సర్వీసున్న సిస్టర్, పైగా భార్య. మీరు ఆరంటే ఆరే. కలపడాలూ తీసెయ్యడాలూ మీ దగ్గరెందుకు?"

నన్ను మెచ్చుకుంటున్నాడు. థాంక్స్ అని చెప్పాను కూడా. తలుపు దాకా వచ్చి, అక్కడ ఆగి, మా ఆయన ఎనిమిది అన్నారండీ అన్నాను. రోజూ ఎనిమిదే అన్నారు, ఆరు వేసింది నేను అన్నాను.

డాక్టరు చేతిలో పెన్ను కింద పెట్టాడు. కూర్చోండమ్మా అన్నాడు, చాలా నెమ్మదిగా. ఎనిమిదని తెలిసుంటే పెంచేవారా అని అడిగాను. మాట దాటేస్తాడేమో అనుకున్నాను. దాటెయ్యలేదు. పెంచేవాణ్ణి, అదే రోజు, అన్నాడు.

మెట్లు దిగడం ఎక్కడం కంటే కష్టంగా ఉంది.

సెప్టెంబరు 10

సెప్టెంబరు 11

అట్టలో గడులు ఖాళీగా పోతున్నాయి. పోనీ.

సెప్టెంబరు 14

పిచ్చుకకి చెప్పేశాను.

ఎలాగూ ఎప్పుడో తెలుస్తుంది, నా నోటితో తెలిస్తే అసహ్యించుకోవడానికి ఎదురుగా నేనుంటాను అనుకున్నాను. మధ్యాహ్నం బీరువా తెరిచి పదహారు కాగితాలూ తెచ్చి దాని ముందు పెట్టాను. మీ నాన్న రోజూ ఎనిమిది అన్నాడు, నేను ఆరు వేశాను, డాక్టరు నా మాట నమ్మి మందు పెంచలేదు అన్నాను. ఎందుకు వేశానో చెప్పబోయాను, భయానికి ఒకటీ బంధువులకి ఒకటీ అని. సగంలో ఆపేశాను, వినడానికే ఏదోలా ఉంది.

అది కాగితాలు ముట్టుకోలేదు. నా మీద అరుస్తుందని ఎదురుచూశాను. అరిచి ఉంటే బాగుండేది.

"నీతో ఎనిమిది అనేవాడా?" అంది.

ఊఁ అన్నాను.

"నాతో పది అనేవాడమ్మా."

నాకు అర్థం కాలేదు. అది ఒక్కొక్క మాటే తీసి చెప్పింది. నేను స్నానానికి వెళ్ళినప్పుడు దానితో చెప్పేవాడట. వీపు పది, ఒక్కోసారి పది దాటుతోందని. అమ్మతో చెప్పు నాన్నా అంటే వద్దనేవాడట. అమ్మ రాత్రీ పగలూ నిలబడే ఉంటోంది, పది అంటే మరీ బెంబేలెత్తిపోతుంది, అందుకని రెండు తగ్గించి చెప్తున్నాను, నువ్వూ చెప్పకు అని ఒట్టు వేయించుకున్నాడట. ఏడు దాటితే మందు పెంచుతారు కదా, నాన్న ఎనిమిది చెప్తున్నాడు, అమ్మ ఎనిమిదే రాస్తుంది, పెంచుతూనే ఉంటారు అనుకుందట ఇది. పెంచినా ఇంత బాధపడ్డాడంటే ఇంక చేసేదేమీ లేదని సరిపెట్టుకుంది. ఆ రోజు అన్నాల దగ్గర అది అడిగింది ఇందుకు. నాన్న నిజంగా రెండే తగ్గించాడా, ఇంకా తగ్గించాడా అని.

ముల్లు గుచ్చుకుంటే ఇల్లు పీకి పందిరేసిన మనిషి. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన తగ్గించి చెప్పింది ఆ ఒక్కటే. చూసి చూసి దాంట్లోంచి కూడా నేను రెండు తీసేశాను. ఆయన కాగితం మీద ఆరు చూసిన రోజున కూడా, పది అని అనలేదు.

నేను ముందే చెప్పాల్సింది, ఒట్టు పాడుగాను, చెప్పాల్సింది అని అది తల కొట్టుకుంది. చేతులు పట్టుకున్నాను. నీ తప్పు కాదే, నువ్వు అమ్మని నమ్మావు అంతే అన్నాను. డాక్టరూ అదే చేశాడు. నన్ను నమ్మకూడదని ఎవరికి తోస్తుంది.

ఇంకా ఏడుస్తూనే ఉంది, వంటింట్లో. నాకు ఏడుపు రావడం లేదు. కాగితాలన్నీ తేదీల వరసలో పేర్చాను, మళ్ళీ పేర్చాను.

సెప్టెంబరు 15

పొద్దున పిచ్చుక నా గదిలోకి వచ్చి, నేను మంచం దిగేదాకా నిలబడింది. కాలు పెట్టాను. ఎంత అని అడిగింది. ఏడు అన్నాను.

"నిజంగా ఏడేనా?"

ఏడే అన్నాను. నా మొహం వంక చాలాసేపు చూసింది. ఆయన మంచం మీద, ఆ నలగని దుప్పటి మీద కూర్చుంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఏడాదిగా ఇది ఎలా ఉందో నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆసుపత్రిలో రోజుకి వందమందిని అడుగుతాను.

నీకెంతే అన్నాను.

నాకేం నొప్పుంది అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. తల వంచుకుని దుప్పటి అంచు సాగదీస్తూ కూర్చుంది. తర్వాత చెప్పింది.

పది అంది. పదే రాస్తున్నాను.